వియన్నాలో చివరి రోజు: రాత్రి విమానం ఉంటే పగలంతా ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. అమ్మానాన్నలు, భర్త, పదేళ్ల పాపతో కలిసి 23 రోజుల యూరప్ ట్రిప్. పారిస్‌లో మొదలై, స్విట్జర్లాండ్, వెనిస్ మీదుగా వియన్నాలో ముగుస్తుంది. వియన్నాలో రెండు రోజులు స్టెఫాన్స్‌డోమ్ చర్చి, షోన్‌బ్రున్ ప్యాలెస్ చూసేశారు. మూడో రోజు, అక్టోబరు మధ్యలో ఒక గురువారం, ఉదయం 11కి హోటల్ ఖాళీ చేయాలి. విమానం రాత్రి 9:40కి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఆ రోజు పక్క దేశం స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్లి రావచ్చా, సరస్సు ఒడ్డు ఊరు హాల్‌స్టాట్ వెళ్లవచ్చా, లేక ఊళ్లోనే ఉండాలా అని అడిగారు.

నేను వియన్నాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఈ పద్నాలుగేళ్లలో మా ఇంటికి వచ్చిన చుట్టాల్ని, స్నేహితుల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్టులో దించని ఏడాది లేదు. కాబట్టి గట్టిగానే చెబుతాను. ఊరు దాటకండి.

హాల్‌స్టాట్ సంగతి ముందు తేల్చేద్దాం. ఇక్కడి నుంచి రైలు, ఆ తర్వాత పడవ కలిపి పోవడానికే మూడు గంటలకు పైన పడుతుంది. రాత్రి విమానం పెట్టుకుని చేసే పని కాదది. బ్రాటిస్లావా మాత్రం ఆశ పుట్టిస్తుంది. అరవై కిలోమీటర్లు, రైల్లో గంట. స్లొవాకియా కూడా షెంగెన్‌లోదే, అంటే ఒకే వీసాతో తిరిగే దేశాల కూటమిలోదే, కరెన్సీ యూరోయే. పైగా "ఇంకో దేశం" చూసినట్టవుతుంది. నేనూ అలాగే అనుకుని మా అమ్మానాన్నల్ని వాళ్ల తిరుగు ప్రయాణం రోజునే తీసుకెళ్లాను. కోట కొండ మీద ఉంటుంది. ఎక్కేటప్పటికి నాన్న కాలు పట్టేసింది. పైన బెంచీ మీద అరగంట కూర్చోబెట్టి నెమ్మదిగా దించేసరికి నేను అనుకున్న రైలు వెళ్లిపోయింది. తర్వాతి దానికి వచ్చి, సామాన్లు తీసుకుని, భోజనం లేకుండా ఎయిర్‌పోర్టుకు పరుగు. విమానం దొరికింది. కానీ ఇరవై రోజులు అంత ఇష్టంగా తిరిగిన అమ్మ ఇంటికి వెళ్లాక ఫోన్లో చెప్పిన మొదటి మాట, "చివర్లో మీ నాన్న మొహం చూడలేకపోయానురా" అని. తప్పు పూర్తిగా నాది. ఆయన మోకాళ్ల సంగతి నాకు తెలుసు, అయినా ఆ లెక్క వేసుకోలేదు.

అప్పటినుంచి నేను చివరి రోజును వెనక నుంచి ముందుకు కడతాను. ముందు విమానం టైము, దాని నుంచి ఎయిర్‌పోర్టు టైము, దాని నుంచి రైలు, అక్కడి నుంచి సామాను ఎక్కడ ఉండాలన్నది. అవన్నీ తేలాక మిగిలిన గంటల్లో, సామాను ఉన్న చోటికి దగ్గరగా, ఒకే గీత మీద ఉన్న చోట్లు మాత్రమే పెట్టుకుంటాను. ఇరవై మూడో రోజుకి మీ వాళ్ల కళ్లు ఎన్నో చర్చిలు, ఎన్నో ప్యాలెస్‌లు చూసి అలసిపోయి ఉంటాయి. ఆ రోజు కొత్తగా నాలుగు చూపిస్తే నాలుగూ కలిసిపోతాయి. ఒక్కటి బాగా చూపిస్తే మిగులుతుంది.

మీ లెక్క ఇది. 9:40 విమానానికి 6:30 కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే 6 గంటల ప్రాంతంలో హాప్ట్‌బాన్‌హోఫ్, అంటే మెయిన్ స్టేషన్, నుంచి రైలు ఎక్కాలి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు సుమారు పావుగంట. ఒక బండి తప్పినా ఇంకోటి ఉండేలా, 5:30 కల్లా స్టేషన్లో ఉండాలని పెట్టుకోండి.

అందుకే సామాను హోటల్లో వదలొద్దంటాను. మీ హోటల్ స్టేషన్ పక్కనే ఉంటే సరే. లేకపోతే సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ, ఐదు పెట్టెలతో మెట్రోలు మారుతూ రావాలి. దాని బదులు ఉదయం 9కే టిఫిన్ చేసి, గది ఖాళీ చేసి, ట్యాక్సీలో నేరుగా హాప్ట్‌బాన్‌హోఫ్‌కు వచ్చేయండి. అక్కడ లాకర్లు ఉంటాయి. పెద్ద పెట్టెలు పట్టే లాకర్లు తక్కువ, పొద్దెక్కేకొద్దీ నిండిపోతాయి. తొందరగా రమ్మనేది అందుకే. లాకర్ చీటీ ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. పాస్‌పోర్టులు, మందులు, ఛార్జర్లు, నాన్నగారికి ఒక స్వెట్టరు చేతి సంచిలో ఉంచుకోండి. అక్టోబరులో ఎండ ఉన్నా నీడలోకి వెళ్తే చలి పెడుతుంది.

ఇక ఆ గీత. స్టేషన్ నుంచి పార్కులోంచి నెమ్మదిగా నడిస్తే పావుగంటలో అప్పర్ బెల్వెడేర్ వస్తుంది. నడవలేకపోతే డి నంబరు ట్రామ్ ఎక్కితే ప్యాలెస్ గేటు దగ్గరే దింపుతుంది. ఈ డి ట్రామ్‌ను గుర్తుపెట్టుకోండి, ఆ రోజంతా మీకు అదే దారి.

బెల్వెడేర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీరు చూడాల్సిన ఆ ఒక్కటి ఇదే. సవాయ్ యువరాజు యూజీన్ అనే సేనాపతి కోసం హిల్డెబ్రాంట్ అనే వాస్తుశిల్పి కట్టిన ప్యాలెస్ ఇది. పై భవనం 1723 నాటికి పూర్తయింది. ఇప్పుడు మ్యూజియం. టికెట్‌కు టైమ్ స్లాట్ ఉంటుంది, 10 గంటల స్లాట్ ముందుగానే బుక్ చేసుకోండి. పాపకు డబ్బు కట్టక్కర్లేదు, 19 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితం. లోపల లిఫ్ట్ ఉంది, నాన్నగారికి ఇబ్బంది ఉండదు.

ఇందులో అందరూ వెతుక్కుంటూ వచ్చేది గుస్తావ్ క్లిమ్ట్ వేసిన 'ముద్దు' బొమ్మ. 1908లో దాన్ని మొదటిసారి ప్రదర్శనకు పెట్టినప్పుడు, పని ఇంకా పూర్తి కాకముందే ప్రభుత్వం కొనేసింది. సరిగ్గా చదరం, నూట ఎనభై సెంటీమీటర్లకు నూట ఎనభై. పోస్టర్లలో, కప్పుల మీద, గొడుగుల మీద చూసీచూసీ మనకు ముందే విసుగొచ్చి ఉంటుంది. కానీ అసలు బొమ్మ ముందు నిలబడితే వేరు. దానికి నిజమైన బంగారు రేకు వాడారు. ఎదురుగా నిలబడి చూడగానే వెళ్లిపోకండి. ఎడమ పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి, తర్వాత కుడి పక్క నుంచి. వెలుగు మారుతుంటే బంగారం ఒకచోట మందంగా, ఒకచోట పొడి చల్లినట్టుగా కనిపిస్తుంది.

పెద్దవాళ్లను ముద్దు బొమ్మ దగ్గరికి తీసుకెళ్లడమేంటని మొదటిసారి నాకూ మొహమాటంగానే ఉండింది. మా అమ్మ అసలు మొహాలు చూడలేదు. బట్ట చూసింది. "మగవాడి అంగీ అంతా నలుపు తెలుపు పలకలు, ఆడమనిషిదంతా రంగురంగుల గుండ్రాలు. బంగారం మాత్రం ఇద్దరికీ ఒకటే" అంది. తర్వాత ఇంకా దగ్గరికి వెళ్లి, "ఇది పాత గద్వాల చీర జరీలా ఉంది, కొత్త జరీలా మెరవట్లేదు" అంది. క్లిమ్ట్ తండ్రి బంగారం మీద చెక్కడం పని చేసేవాడని నేను చెబితే, తలూపి, అందుకే మరి అన్నట్టు చూసింది. నేను పది పన్నెండుసార్లు చూసిన బొమ్మలో ఆ పలకల్ని, గుండ్రాల్ని ఆ రోజే మొదటిసారి గమనించాను. బొమ్మలోని ఆడమనిషి కాలివేళ్లు కూడా చూడమని పాపకు చెప్పండి. పూల మడి అంచున ముడుచుకుని ఉంటాయి. ఆ అంచు అవతల ఏముందో బొమ్మలో లేదు.

అదే మ్యూజియంలో ఎగోన్ షీలే వేసిన 'కుటుంబం' అనే బొమ్మ ఉంది. ఆ రోజు ప్రదర్శనలో ఉంటే తప్పక చూడండి. తల్లి, తండ్రి, తల్లి కాళ్ల మధ్య ఒక పసిబిడ్డ. 1918లో వేశాడు. ఆ అక్టోబరులో ఆరు నెలల గర్భంతో ఉన్న అతని భార్య ఎడిత్ స్పానిష్ ఫ్లూతో చనిపోయింది. మూడు రోజులకు అతనూ పోయాడు. వయసు 28. వాళ్ల బిడ్డ పుట్టనే లేదు. క్లిమ్ట్ అదే ఏడాది ఫిబ్రవరిలో చనిపోయాడు. నవంబరుకల్లా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమే పోయింది. ఈ నాలుగు వాక్యాలు తెలిసి ఆ గదుల్లో తిరిగితే, మిగతా బొమ్మలన్నీ చూడకపోయినా నష్టం లేదు.

మేడ మీద మార్బుల్ హాల్ దాటకుండా రారు కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాను అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ పదేళ్లు తమ అధీనంలో ఉంచుకున్నాయి. 1955 మే 15న ఈ హాల్లోనే సంతకాలు జరిగి దేశం మళ్లీ స్వతంత్రమైంది. విదేశాంగ మంత్రి లియోపోల్డ్ ఫిగ్ల్ ఆ ఒప్పంద పత్రాన్ని బాల్కనీలోంచి తోటలోని జనానికి ఎత్తి చూపించాడు. మా నాన్నకు బొమ్మల కంటే ఈ హాలే నచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిననాటి ముచ్చట్లు తాతల నోట విన్న తరం కదా, ఆ బాల్కనీ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

మధ్యాహ్నం 12 అయ్యేసరికి బయటికొచ్చి తోట వైపు నిలబడండి. మొత్తం వియన్నా కింద పరుచుకుని ఉంటుంది, మధ్యలో మీరు మొన్న చూసిన స్టెఫాన్స్‌డోమ్ గోపురం. 1760 ప్రాంతంలో బెర్నార్డో బెలోట్టో అనే ఇటాలియన్ చిత్రకారుడు ఇక్కడి నుంచే ఊరిని బొమ్మ వేశాడు. ఆ తర్వాత ఇక్కడ ఎత్తైన భవనం ఏది లేచినా "బెలోట్టో చూసిన దృశ్యం పాడవుతుంది" అని వియన్నావాళ్లు గొడవ పడుతూనే ఉన్నారు. కుటుంబమంతా కలిసి ఫోటో దిగాలంటే ఇదే చోటు. తోట కిందికి వాలుగా దిగుతుంది, ప్రవేశం ఉచితం, దారి పొడవునా బెంచీలున్నాయి. దారిలో గులకరాళ్లుంటాయి కాబట్టి నాన్నగారికి బూట్లు ఉండాలి, చెప్పులు వద్దు. మోకాళ్లు మరీ ఇబ్బంది పెడితే, ఆయన్ని, అమ్మని మీవారు డి ట్రామ్‌లో తోట పక్క రోడ్డు మీదుగానే కిందికి తీసుకొస్తారు, మీరూ పాపా తోటలోంచి దిగి అందర్నీ ష్వార్జెన్‌బర్గ్‌ప్లాట్జ్‌లో కలవవచ్చు.

ఆ కూడలిలో పెద్ద నీటి ఫౌంటెన్ ఉంటుంది, పేరు హోఖ్‌స్ట్రాల్‌బ్రున్నెన్. టూరిస్టులు దాన్ని ఫోటో తీసి వెళ్లిపోతారు. దాని కథ తెలిస్తే మీ వాళ్లకు నచ్చుతుంది. ఆల్ప్స్ కొండల ఊటల నీటిని గొట్టాల ద్వారా ఊరికి తెచ్చినప్పుడు, 1873 అక్టోబరులో, ఆ నీళ్లు వచ్చాయని జనానికి చూపించింది ఈ ఫౌంటెన్‌తోనే. కొండల నుంచి ఊరిదాకా నీళ్లు వాలు మీదే వస్తాయి. ఇప్పటికీ ఇక్కడి కుళాయిల్లో వచ్చేవి ఆ కొండ నీళ్లే. కాబట్టి ఇక సీసా నీళ్లు కొనకండి, ఖాళీ సీసాలు ఎక్కడ కుళాయి కనిపిస్తే అక్కడ నింపుకోండి. ఒంగోలులో క్యాన్ నీళ్లు తప్ప ముట్టని మా పెద్దమ్మ మూడు రోజులు బెరుగ్గా తాగి, నాలుగో రోజు "తియ్యగా ఉన్నాయిరా" అంది.

భోజనానికి రెండు మార్గాలు. మీతో రైస్ కుక్కర్ తెచ్చారని రాశారు కదా, ఉదయం పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, బెల్వెడేర్ తోట బెంచీ మీదే తినేయవచ్చు. నిమ్మకాయ పులిహోర చల్లారినా బాగుంటుంది. లేదా కార్ల్స్‌ప్లాట్జ్ అనే కూడలి దాటి కాస్త ముందుకెళ్తే నాష్‌మార్క్ట్ అనే బజారు. ఫలాఫెల్, హమ్మస్, రొట్టెలు దొరుకుతాయి, శాకాహారులకు బాధ లేదు. కార్ల్స్‌ప్లాట్జ్ దగ్గరే కార్ల్స్‌కిర్ఖె అనే పచ్చ గోపురం చర్చి ఉంది. 1713 ప్లేగు తగ్గితే గుడి కట్టిస్తానని ఆరో చార్లెస్ చక్రవర్తి మొక్కుకుని కట్టించాడు. మొక్కు అనగానే అమ్మగారికి ఇంకేం చెప్పక్కర్లేదు. లోపలికి టికెట్ ఉంది, కొనకండి. ఎదురుగా నీళ్ల కొలను చుట్టూ కూర్చుంటే చాలు, చర్చి మొత్తం నీళ్లలో కనిపిస్తుంది. సంగీతం ఇష్టమున్నవాళ్లుంటే ఒక మాట. వివాల్డీ 1741లో ఈ ఊళ్లోనే, డబ్బు లేని స్థితిలో చనిపోయాడు. అతన్ని పాతిపెట్టిన స్థలం ఈ చర్చి పక్కనే. ఇప్పుడక్కడ టెక్నికల్ యూనివర్సిటీ భవనం ఉంది.

రెండున్నరకు కాఫీ. దీనికి గంటన్నర కేటాయించండి, తగ్గించొద్దు. ష్వార్జెన్‌బర్గ్‌ప్లాట్జ్ మూల మీద కఫే ష్వార్జెన్‌బర్గ్ ఉంది. 1861 నాటిది, రింగ్ రోడ్డు మీద పెట్టిన మొదటి కాఫీ హౌస్. ఇంకో కాఫీ హౌస్ దగ్గరగా ఉంటే అక్కడికైనా వెళ్లండి, పద్ధతి అన్నిచోట్లా అదే. చిన్న వెండి రంగు పళ్లెంలో కప్పు, దాని పక్కన గ్లాసు నీళ్లు, గ్లాసు మీద బోర్లించిన చెంచా. నీళ్లు అవే, కొండ నీళ్లు. 'మెలాంజ్' అడిగితే పాలు సగం కలిపి పైన నురగతో ఇస్తారు. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నోటికి ఇది దగ్గరగా ఉంటుంది, డికాక్షన్ చిక్కదనం మాత్రం ఆశించొద్దు. కేకుల్లో గుడ్డు ఉంటుంది, ప్రసిద్ధమైన సాఖర్ టోర్టెలో కూడా. అమ్మగారు గుడ్డు తినకపోతే ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి.

ఇక్కడ ఒక సంగతి తెలియక మనవాళ్లు ఇబ్బంది పడతారు. తాగడం అయిపోయాక వెయిటర్ రాడు, బిల్లు పెట్టడు. పట్టించుకోవట్లేదని, చులకన చేస్తున్నాడని అనుకుంటారు. మీరు అడిగేదాకా బిల్లు తేకపోవడం ఇక్కడి మర్యాద. తెస్తే లేచి వెళ్లమన్నట్టు. ఒక్క కప్పు తీసుకుని పేపర్ చదువుతూ రెండు గంటలు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. పేపర్లను చెక్క కర్రకు బిగించి పెడతారు, పాపకు చూపించండి. 2011లో ఈ కాఫీ హౌస్ సంస్కృతిని యునెస్కో వారి ఆస్ట్రియా జాబితాలో కూడా చేర్చారు. లేవాలనుకున్నప్పుడు చెయ్యి కొంచెం ఎత్తి "త్సాలెన్, బిట్టె" అంటే చాలు.

ఆ గంటన్నరలో పాప చేత పోస్టుకార్డు రాయించండి. కార్డులు, స్టాంపులు 'ట్రాఫిక్' అని బోర్డున్న చిన్న దుకాణాల్లో దొరుకుతాయి, పొద్దునే కొని ఉంచుకోండి. అడ్రసు మీ ఇంటిదే రాయమనండి. లోపల ఎన్ని అక్షరాలు తెలుగులో రాసినా ఫర్వాలేదు, దేశం పేరు మాత్రం ఇంగ్లీషులో పెద్దగా ఉండాలి. వీధుల్లో పసుపు పచ్చ డబ్బాలు కనిపిస్తాయి, వాటిలో వేయడమే. మా మేనకోడలు అలా వేసిన కార్డు ఆమె వరంగల్ చేరిన చాన్నాళ్లకు ఇంటికొచ్చింది. తను రాసిందే మర్చిపోయి, "మనకెవరు రాశారమ్మా వియన్నా నుంచి" అని అడిగిందట.

నాలుగింటికి మళ్లీ డి ట్రామ్ ఎక్కండి, ఈసారి స్టేషన్‌కు వ్యతిరేక దిశలో, నుస్‌డోర్ఫ్ వైపు. కిటికీ పక్కన కూర్చోవడం తప్ప ఇంకేం చేయక్కర్లేదు. ఒపెరా, జంట మ్యూజియంలు, రాజప్రాసాదం, పార్లమెంటు, సిటీ హాలు వరసగా వచ్చేస్తాయి. ఈ రింగ్ రోడ్డు ఒకప్పుడు కోట గోడ. 1683లో ఒట్టోమన్ సైన్యం ముట్టడించినప్పుడు ఊరిని కాపాడింది ఆ గోడే. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి దాన్ని కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు, 1865 మే 1న ఈ రోడ్డు తెరిచారు. సిటీ హాలు దాటాక షోటెన్‌టోర్‌లో దిగి, రోడ్డు దాటి, ఎదురు దిశలో వచ్చే డి ఎక్కితే నేరుగా హాప్ట్‌బాన్‌హోఫ్ ఓస్ట్ స్టాపు. అటూ ఇటూ కలిపి గంటలోపే. ట్రాక్ పనులుంటే దారి మారుస్తారు, ముందు రోజు రాత్రి ఊరి రవాణా సంస్థ వీనర్ లీనియన్ యాప్‌లో ఒకసారి చూసుకోండి.

కొనాల్సినవి ఉంటే ఎయిర్‌పోర్టు దాకా ఆగకండి. స్టేషన్లోనే సూపర్ మార్కెట్ ఉంది. మానర్ వేఫర్లు, మోత్సార్ట్ చాక్లెట్లు ఎయిర్‌పోర్టు కంటే అక్కడ చౌక. మానర్ అసలు రకం వేఫర్లలో గుడ్డు, పాలు ఏవీ లేవు, ఇంటి దగ్గర అందరికీ పంచవచ్చు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, చూసి కొనండి. జామ్, తేనె, చాక్లెట్ స్ప్రెడ్ కూడా సెక్యూరిటీ దగ్గర ద్రవాల కిందే లెక్క, వంద మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. అవి పెద్ద పెట్టెలోకి వెళ్లాలి. ఆవకాయ, పొడులు అయిపోయి మీ పెట్టెల్లో చోటు మిగిలే ఉంటుంది. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. చిల్లర నాణేలు స్టేషన్ టాయిలెట్లకు, సూపర్ మార్కెట్‌కు ఖర్చు పెట్టేయండి. ఇండియాలో నోట్లు మార్చుకుంటారు గానీ నాణేలు తీసుకోరు.

ఎయిర్‌పోర్టు టికెట్ సంగతి జాగ్రత్త. మీరు ఊళ్లో వాడే 24 గంటల పాస్ ఎయిర్‌పోర్టు దాకా చెల్లదు. ఊరి సరిహద్దు దాటాక అదనపు టికెట్ కావాలి, స్టేషన్లో ఓబీబీ, అంటే ఆస్ట్రియా రైల్వే, మెషీన్ దగ్గర "ఎయిర్‌పోర్టు" అని కొడితే వస్తుంది. ఇక్కడ గేట్లు ఉండవు కాబట్టి టికెట్ అడిగేవాళ్లే లేరనిపిస్తుంది. తనిఖీ చేసేవాళ్లు హఠాత్తుగా ఎక్కుతారు, జరిమానా ఒక్కొక్కరికి వంద యూరోలు దాటుతుంది. కాగితం టికెట్ మీద తేదీ, టైము అచ్చై లేకపోతే నీలం డబ్బాలో ముద్ర వేయించుకోవాలి. క్యాట్ అని ఆకుపచ్చ రైలు ప్రకటనలు కనిపిస్తాయి. అది వీన్ మిట్టె అనే వేరే స్టేషన్ నుంచి 16 నిమిషాల్లో ఎయిర్‌పోర్టుకు వెళ్తుంది, ధర మాత్రం మామూలు రైలుకు దాదాపు మూడు రెట్లు. మీరు హాప్ట్‌బాన్‌హోఫ్‌లో ఉంటారు కాబట్టి దాని అవసరమే లేదు.

వీసా లెక్క ఈరోజే ఒకసారి చూసుకోండి. స్టిక్కర్ మీద ఎన్ని రోజులు ఉండవచ్చో రాసి ఉంటుంది. దిగిన రోజు, బయలుదేరే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మీది రాత్రి 9:40 కాబట్టి చిక్కు లేదు. ఇది చదివే వేరేవాళ్ల విమానం అర్ధరాత్రి దాటాక ఉంటే, ఇమిగ్రేషన్ ఏ తేదీన దాటుతారో ఆలోచించుకోవాలి. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల దగ్గర వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, క్యూ ఒక్కోసారి పెద్దగా ఉంటుంది. మీది వేరే షెంగెన్ ఎయిర్‌పోర్టులో మారే విమానమైతే ఆ తనిఖీ ఇక్కడ ఉండదు, అక్కడ ఉంటుంది. అక్కడ మారడానికి ఎంత టైమ్ ఉందో చూసుకోండి.

పన్ను వాపసు తీసుకునేవి ఉంటే, అంటే ఆస్ట్రియాలో ఒకే దుకాణంలో ఒకే రోజు 75 యూరోలు దాటి కొన్నవి, ఫారాలు చేతిలో ఉండాలి, వస్తువులు వాడనివై ఉండాలి. అవి పెద్ద పెట్టెలో పెడుతుంటే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ముందే చెప్పండి. ట్యాగ్ వేసి పెట్టె మీకే ఇస్తారు, కస్టమ్స్ ముద్ర అయ్యాక వదలాలి. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక అడిగితే లాభం లేదు. దీనికోసం ఇంకో అరగంట ముందే బయలుదేరండి.

ఇంకొకటి. ఎయిర్‌పోర్టు దారిలోనే సెంట్రల్ శ్మశానం ఉందని, బెథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు అక్కడే ఉన్నాయని, చివరి రోజుకు అది అనువని చాలామంది రాస్తారు. నిజమే, 1874లో తెరిచిన ఆ చోటు పెద్ద వనంలా ఉంటుంది, ఎస్7 రైలు అక్కడ ఆగి ఎయిర్‌పోర్టుకే వెళ్తుంది. నాకు వియన్నాలో అన్నిటికంటే ఇష్టమైన చోట్లలో అదొకటి. కానీ మా అమ్మకు చెబితే, "ప్రయాణం పెట్టుకుని శ్మశానానికా?" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మీ అమ్మగారు కూడా అలాగే అంటారనిపిస్తే అసలు చెప్పకండి.

వాన పడితే తోట వదిలేసి బెల్వెడేర్ లోపలే ఇంకో గంట ఉండండి, కాఫీకి ముందుగా వెళ్లండి, మిగతాదేం మారదు. ఒకవేళ మీ తేదీ మారి ఆదివారం వస్తే నాష్‌మార్క్ట్ ఉండదు, ఊళ్లో దుకాణాలూ మూసే ఉంటాయి. స్టేషన్‌లోని సూపర్ మార్కెట్ మాత్రం ఆదివారం కూడా తెరుస్తారు.

మీ హోటల్ ఏ వైపు ఉందో, విమానం ఎక్కడ మారుతుందో ఇక్కడ రాయండి. ఉదయం ట్యాక్సీ మేలా, మెట్రో మేలా అన్నది అది చూసి చెబుతాను. నాన్నగారు మెట్లు ఎన్ని ఎక్కగలరో కూడా రాయండి.